కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనసు

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే విశాఖలో అందరూ అడిగేది ఒకటే: "పోర్టులో ఎన్నో నంబరు ఎగరేశారు?" ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన సముద్రంలో గాలి ముదురుతోందని. మూడో నంబరంటే పోర్టుకే ఈదురుగాలులు తగలొచ్చని. పదో నంబరంటే పెను ముప్పు. పదకొండో నంబరంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఒకటో నంబరు చూసి ఈ ఊళ్లో ఎవరూ సామాన్లు సర్దుకుని పరుగెత్తరు. పదో నంబరు ఎగరేశాక ఎవరూ వేటకు వెళ్లరు. మన ఒంట్లోనూ ఇలాంటి హెచ్చరిక ఏర్పాటు ఒకటుంది. ఒకటో నంబరు చాలిన చోట అది పదో నంబరు ఎగరేస్తుంటే, అదీ రోజూ ఎగరేస్తుంటే, మనం టెన్షన్ అనీ గాభరా అనీ అంటాం.

అలా ఎందుకు జరుగుతుందన్నది ఒక ప్రశ్న. ఒకసారి వచ్చిన గాభరా ఎందుకు పోదన్నది ఇంకో ప్రశ్న. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. నాకు రెండోదే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే టెన్షన్‌ని అప్పటికప్పుడు దించుకోవడానికి మనం చేసే పనులే చాలాసార్లు దాన్ని మర్నాటికి పెంచి పెడుతున్నాయి. ఆ సంగతి తెలియక ఏళ్ల తరబడి నలిగిపోయేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఆఫీసులో పెద్దాయన నుంచి "ఒకసారి కలువు" అని మెసేజ్ వచ్చిందనుకోండి. ఆ రెండు మాటలు చదివి అర్థం చేసుకునేలోపే మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం ఇదేదో ప్రమాదమని తేల్చేస్తుంది. అక్కడి నుంచి కబురు మెదడులోనే ఉండే హైపోథాలమస్‌కి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకి వెళ్తుంది. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అరుగుదల పని వెనక్కి పోతుంది కాబట్టి కడుపులో తిప్పినట్టుంటుంది, నోరెండిపోతుంది, ముద్ద దిగదు. చేతులు చల్లబడతాయి. ఆ వెనకే కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వచ్చి రక్తంలో చక్కెరను పెంచి, ఒంటిని ఇంకాసేపు కాపలాకు నిలబెడుతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ నూరేళ్ల కిందటే దీన్ని వివరించాడు: ప్రమాదం ఎదురైతే తిరగబడటానికో పారిపోవడానికో ఒళ్లు చేసుకునే సన్నాహం ఇది.

సన్నాహంలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఎదురుగా ఉన్నదానితోనే. హోమ్‌లోన్ వాయిదా మీద తిరగబడలేం. స్కానింగ్ రిపోర్టు వచ్చేదాకా ఎటూ పారిపోలేం. ఒళ్లు సిద్ధమైపోయి, చేయడానికి పనేమీ లేక, కుర్చీలో కూర్చునే దడదడలాడుతుంది. అందుకే "ఏమీ జరగకుండానే ఇంత నీరసమేంటి?" అని మనకే అనిపిస్తుంది. ఒంటి లెక్కలో చాలానే జరిగింది మరి.

కొంచెం టెన్షన్ పనికొస్తుందన్నది నిజమే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కష్టమైన పని నేర్చుకోవడానికి మధ్యస్థంగా ఉండే ఒత్తిడే బాగా పనికొచ్చింది. ఒత్తిడి మరీ పెరిగితే నేర్చుకోవడం దెబ్బతింది. పరీక్షల ముందు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇది కనిపించేదే.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ముందు చెడు జరిగే వీలుందేమో చూసుకో, ఆ తర్వాత మంచి ఆలోచించు అని. ఆందోళన ఎక్కువగా ఉన్న మనసు కీడెంచడం దాకా చాలా బాగా చేస్తుంది. మేలెంచడం దాకా రాదు. "ఫోన్ ఎత్తలేదు" దగ్గర మొదలై నాలుగంగల్లో ఆసుపత్రి మార్చురీ దాకా వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్న వంద మామూలు కారణాలు దానికి కనబడవు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకుపడిన రోజున వణికిపోయినవాళ్లది ఆందోళన కాదు, భయం. కళ్లెదుట చెట్లు కూలుతున్నాయి, కిటికీలు పగులుతున్నాయి. భయపడటమే సరైన పని. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం పరిసరాల్లో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి కమ్ముకుని 12 మంది ప్రాణాలు పోయినప్పుడు పరుగెత్తినవాళ్లదీ అంతే. కానీ అలాంటి రోజును దాటి వచ్చినవాళ్లకి ఏళ్ల తర్వాత కూడా గాలి హోరెత్తితే గుండె జారిపోవచ్చు, ఏదో ఘాటు వాసన వస్తే కాళ్లూ చేతులూ ఆడకపోవచ్చు. అమిగ్డలా ఒకసారి నేర్చుకున్నదాన్ని తేలిగ్గా వదలదు. అలాంటివాళ్లని "ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా" అనకండి. ఆ రోజే కళ్లముందు మెదులుతూ, పీడకలలు వస్తూ, ఆ పక్కకి వెళ్లలేని స్థితి ఉంటే అది రోజువారీ టెన్షన్ కాదు. దానికి వేరే వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా.

ఊరట ఇచ్చేదే పెంచుతోంది

అక్కయ్యపాలెంలో ఒక తల్లిని ఊహించుకోండి. కూతురు రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం చేస్తోంది, షిఫ్టు అయ్యేసరికి రాత్రి పదకొండు. తల్లి ఫోన్ చేస్తుంది. "బయల్దేరావా అమ్మా?" పది నిమిషాలకి ఇంకో ఫోన్. "ఎండాడ దాటారా?" తర్వాత హనుమంతవాక. ఒకరోజు ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తదు. ఆవిడకి ఒళ్లంతా చెమటలు. నాలుగోసారికి ఎత్తి "సైలెంట్‌లో ఉందమ్మా, చూసుకోలేదు" అంటుంది కూతురు. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టవుతుంది.

అలా ప్రాణం లేచొచ్చిన ఆ క్షణంలోనే మెదడు ఒక పాఠం నేర్చుకుంటుంది: ఫోన్ చేశాను కాబట్టి దడ తగ్గింది. కూతురు క్షేమంగా ఉండటానికీ ఆ ఫోన్‌కీ ఏ సంబంధమూ లేదు. కానీ మెదడు రెంటినీ ముడిపెట్టేస్తుంది. మర్నాడు ఫోన్ చేయాలన్న ఆరాటం ఇంకాస్త ముందే మొదలవుతుంది, ఇంకాస్త గట్టిగా ఉంటుంది. నెల తిరిగేసరికి ఎండాడకి, హనుమంతవాకకి మధ్య ఇంకో ఫోన్ చేరుతుంది. కూతురికి విసుగు, తల్లికి ఏడుపు, ఇంట్లో మాటామాటా. ఎవరి ప్రేమలోనూ లోపం లేదు. దడని ఓర్చుకుని కాసేపు ఊరుకుంటే అదే తగ్గిపోతుందన్న సంగతి ఆవిడకి తెలుసుకునే అవకాశమే రాలేదు, అంతే.

ఏం చేయొచ్చంటే, ఇద్దరూ పగటిపూట ప్రశాంతంగా కూర్చుని ఒప్పందం చేసుకోవాలి: క్యాబ్ ఎక్కాక కూతురి నుంచి ఒక మెసేజ్, దిగే ముందు ఒకటి. మధ్యలో ఫోన్ లేదు. అనుకున్న వేళ కన్నా అరగంట దాటితే అప్పుడు ఫోన్. మొదటి రాత్రుళ్లు నరకంగానే ఉంటాయి, దాచి లాభం లేదు. కానీ ఫోన్ చేయకుండా కూర్చున్న ప్రతి రాత్రీ దడ దానంతటదే పైకి వెళ్లి దానంతటదే దిగుతుంది. ఆ దిగడాన్ని ఒళ్లు స్వయంగా చూడాలి. ఎవరు చెప్పినా రాని నమ్మకం అలా చూస్తేనే వస్తుంది.

గాజువాకలో నలభై ఐదేళ్ల మనిషి ఇంకొకాయన. తోటి ఉద్యోగి గుండెపోటుతో పోయాక ఇంట్లో బీపీ మెషీన్ కొన్నాడు. మొదటిసారి 148. కంగారుతో వెంటనే మళ్లీ చూశాడు, 156. చెయ్యి మార్చి చూశాడు, 160. కంగారే బీపీని పెంచుతుంది, పెరిగిన అంకె కంగారుని పెంచుతుంది. రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో లక్షణాలు వెతికాడు. డాక్టరు ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. వారం రోజులు హాయి. ఆ తర్వాత "ఆ రోజు డాక్టర్ గారు హడావుడిలో సరిగ్గా చూశారో లేదో" అని మొదలు. మళ్లీ ఇంకో డాక్టరు, ఇంకో పరీక్ష. ఇంట్లో బీపీ చూసుకోవడానికి పద్ధతుంది: ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదీ డాక్టరు చూడమన్నన్ని రోజులే. అంతకు మించి చూసేది బీపీ కోసం కాదు, ఊరట కోసం.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. ఛాతీలో బరువుగా నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, నడిస్తే ఆయాసం: ఇవి ఉంటే "టెన్షనేలే" అని ఇంట్లో తేల్చకండి. 108కి ఫోన్ చేయండి. గుండె బాగుందని డాక్టరు ఒకసారి సరిగ్గా పరీక్షించి చెప్పాకే పైన రాసిన మాటలు వర్తిస్తాయి.

ఊరట కోసం చేసే పనుల్లో మూడోది తప్పించుకోవడం. పైకి అమాయకంగా కనిపిస్తుంది గానీ అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనితోనే. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద బండి నడుపుతుండగా ఒకరికి ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి ఆడనట్టు, చేతివేళ్లు తిమ్మిరి, "ఇక్కడే పోతానేమో" అనే భయం. దీన్ని పానిక్ ఎటాక్ అంటారు. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, తిమ్మిర్లు, తల తిరగడం అందువల్లే. పది నిమిషాల లోపే పతాక స్థాయికి వెళ్లి తగ్గుముఖం పడుతుంది, ప్రాణం తీయదు. కానీ ఆ మనిషి మర్నాటి నుంచి ఫ్లైఓవర్ ఎక్కడు, కింద నుంచి పోతాడు. తర్వాత ట్రాఫిక్ ఎక్కువని అటే పోడు. తర్వాత తమ్ముడు వెంట లేనిదే బండి తీయడు. తప్పించుకున్న ప్రతిసారీ ఊరటే, ఊరట దొరికిన ప్రతిసారీ ఆ చోటు ఇంకాస్త భయంకరంగా మారుతుంది. విరుగుడు మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్లడమే. ముందు ఆదివారం తెల్లవారాక, బండ్లు పలచగా ఉన్నప్పుడు, తమ్ముడి వెనక కూర్చుని. అది కుదురుకున్నాక తను నడుపుతూ, తమ్ముడు వెనక. తర్వాత ఒక్కడే. చివరికి సాయంత్రం రద్దీలో. ఒక మెట్టు మీద దడ సగానికి దిగేదాకా పై మెట్టు ఎక్కకూడదు, పూర్తిగా పోయేదాకా ఆగనూ కూడదు.

ఆలోచనల్ని ఆపమంటే ఆగవు

"దాని గురించి ఆలోచించకు" అన్నది మన ఇళ్లలో అందరూ ఇచ్చే సలహా. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త కొందరిని ఒక తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నాడు. ఎంత వద్దనుకున్నా వాళ్లకి అదే గుర్తొచ్చింది. ఆ ఆంక్ష తీసేశాక ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది. వద్దనుకున్నదాన్ని కాపలా కాయాలంటే మెదడు దాన్ని మాటిమాటికీ తలుచుకోక తప్పదు.

ఆపడం కుదరకపోతే వాయిదా వేయొచ్చు. థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించి చూసిన పద్ధతి ఇది: రోజుకి అరగంట, ఒకే వేళకి, ఒకే చోట కూర్చుని దిగులుపడటం. మిగతా వేళల్లో దిగులు వస్తే "సాయంత్రం ఆరింటికి చూద్దాం" అని నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసి పనిలో పడాలి. పడుకునే ముందు వేళ మాత్రం పెట్టుకోకండి, కంటిమీద కునుకు ఉండదు. పడుకునే మంచం మీద కూడా వద్దు. ఆరింటికి కూర్చున్నాక రాసుకున్న ఒక్కోదాన్నీ ఒకటే అడగాలి: దీని గురించి నేను ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా? వచ్చే నెల వాయిదా కట్టగలనా అన్నది దిగులైతే, బ్యాంకుకి వెళ్లి గడువు గురించి మాట్లాడటం చేయగలిగిన పని, తేదీ వేసుకోండి. "ఎప్పటికైనా ఉద్యోగం పోతే" అన్నదానికి ఇవాళ చేయగలిగింది లేకపోతే, అది అలా కాగితం మీదే ఉంటుంది. పొద్దున కొండంతగా అనిపించినవి సాయంత్రానికి రాసుకున్నవాళ్లకే గుర్తుకు రాకపోవడం మామూలే.

ఊపిరి సంగతి అందరికీ తెలిసిందే, ప్రాణాయామం పేరుతో టీవీలోనూ వింటున్నాం. పనిచేసే కిటుకు మాత్రం చాలామందికి తెలియదు. గాలి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం చేసే పని అది. కాబట్టి గట్టిగా పీల్చడం ముఖ్యం కాదు, నెమ్మదిగా వదలడం ముఖ్యం. నాలుగు అంకెలు లెక్కిస్తూ ముక్కుతో తీసుకుని, ఆరు లెక్కిస్తూ వదలండి, ఐదు నిమిషాలు చాలు. దడ వచ్చినప్పుడే కాదు, రాని రోజుల్లోనూ చేస్తేనే అవసరానికి అక్కరకొస్తుంది.

కాఫీ మానమని చెప్పడం మన ఊళ్లో ఎవరికీ నచ్చదని తెలుసు. కానీ కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదకొండింటికీ పనిచేస్తూనే ఉంటుంది. దడకి అలవాటుపడిన మనిషికి కాఫీ తెచ్చే గుండె వేగమే ఇంకో ఎటాక్‌కి మొదలవ్వొచ్చు. స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో నైట్ షిఫ్టులు చేసేవాళ్లు నిద్ర ఆపుకోవడానికి తాగే నాలుగైదు టీలూ ఈ లెక్కలోకే వస్తాయి. మద్యం సంగతి ఇంకా దారుణం: రాత్రికి టెన్షన్ దించినట్టే దించి, తెల్లారేసరికి రెట్టింపు గాభరాగా తిరిగొస్తుంది.

నడక గురించి ఒక్క మాట. వారానికి 150 నిమిషాల పాటు కాస్త చెమట పట్టేలా వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపి నడిచేవాళ్లకు వదిలేసే వేళ ఉండనే ఉంది. కాళీమాత గుడి నుంచి వుడా పార్కు వైపు చురుగ్గా నడిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. పానిక్‌లో వచ్చేవీ ఇవే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రమాదం లేదని మనకి తెలుసు. గుండె వేగం అంటే ముప్పు అని నేర్చుకున్న ఒంటికి, కాదని నేర్పే మార్గం ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

ఇంట్లోవాళ్లు, డాక్టర్లు

"నీకేం తక్కువైందని?" అనేది ప్రేమతో అన్నా కత్తిలాగే దిగుతుంది. దానికి వ్యతిరేకంగా "ఏం కాదులే నాన్నా, ఏం కాదు" అని రోజుకి పదిసార్లు చెప్పడమూ మేలు చేయదు. అది పైన చెప్పిన ఫోన్ లాంటి ఊరటే. "గాభరాగా ఉన్నట్టుంది కదా. పొద్దున కూడా ఇదే అడిగావు, నేను చెప్పాను. మళ్లీ చెప్తే మళ్లీ అడగాలనిపిస్తుంది. పద, అలా రైతుబజారు దాకా వెళ్లొద్దాం" అనండి. భయాన్ని కొట్టిపారేయకుండా, దానికి మేత వేయకుండా పక్కన నిలబడటం అది.

దిగులు కనీసం ఆరు నెలలుగా, ఎక్కువ రోజులు ఉంటూ, అదుపులోకి రాకపోతే, దానితోపాటు కుదురులేకపోవడం, త్వరగా అలసిపోవడం, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు, కండరాల బిగువు, నిద్ర పట్టకపోవడం వీటిలో కనీసం మూడు ఉంటే, దాన్ని డాక్టర్లు జబ్బుగా లెక్కిస్తారు. ఆరు నెలలు నిండేదాకా ఆగాలని కాదు. పనికి వెళ్లలేకపోతున్నా, అన్నం తినలేకపోతున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా ఇవాళే వెళ్లాలి. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివాళ్లేనని తేలింది. వైద్యం ఉన్న బాధని ఇంతమంది వైద్యం లేకుండా మోస్తున్నారన్నది నన్ను బాగా కలచివేసే విషయం.

ముందు మామూలు డాక్టరు దగ్గర థైరాయిడ్, రక్తహీనత, షుగర్ చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే అచ్చం ఇలాంటి దడే, చేతుల వణుకే వస్తుంది. ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లతోనూ రావొచ్చు.

చికిత్సలో ప్రధానమైనది మాటల వైద్యం. 1960ల్లో ఏరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపుదిద్దిన సీబీటీలో (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) ఆలోచనల్ని పరీక్షించుకోవడం, తప్పించుకున్న చోటికి మెట్లు మెట్లుగా వెళ్లడం నేర్పిస్తారు. అవసరమైతే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు. వీటి ఫలితం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో వికారం, కాస్త అలజడి ఉండొచ్చు. ఇవి వ్యసనంగా మారవు గానీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. గాభరాని అప్పటికప్పుడు దించే అల్ప్రాజోలం మాత్ర సంగతి వేరు. అది పావుగంటో అరగంటో గడిచేసరికి హాయినిస్తుంది కాబట్టే ప్రమాదం. కొన్ని వారాలు వరసగా వాడితే అది లేనిదే ఉండలేని స్థితి వస్తుంది. చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఉంది. పక్కింటివాళ్లకి రాసిన మాత్ర మీరు వేసుకోకండి.

ఎక్కడికి వెళ్లాలంటే, కేజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. వాల్తేరులో 150 ఏళ్లు దాటిన ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని గేటు ముందు ఆటో దిగడానికే బిడియపడేవాళ్లు ఉన్నారు, లోపల ఓపీలో వరసలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయేవాళ్లే. ఇల్లు కదలలేకపోతే 14416. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, రోజుకి ఎన్ని కాఫీలు, ఏ చోట్లకి వెళ్లడం మానేశారు అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. గదిలోకి వెళ్లాక గాభరాలో సగం మర్చిపోతాం. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లాలి, ఆయుర్వేదం, హోమియో మందులతో సహా.